ఉత్తరాల పెట్టె మీద నా పేరు లేదు

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో దిగిన మొదటి నెలన్నరలో మా ఇంట్లో అందరికీ ఉత్తరాలు వచ్చాయి, నాకు తప్ప. మావారికి వచ్చాయంటే సరే, ఆయన ఉద్యోగస్థుడు. ఆరేళ్లు నిండబోతున్న అమ్మాయికి వచ్చింది. మూడేళ్ల అబ్బాయికి కూడా వచ్చింది. వాడి పన్ను గుర్తింపు సంఖ్య ఫలానా పదకొండు అంకెలనీ, అది జీవితాంతం మారదనీ, జాగ్రత్తగా దాచుకోవాలనీ అందులో ఉంది. వాడు ఆ కాగితం వెనక ఏనుగు బొమ్మ గీశాడు. నాకు మాత్రం ఏమీ రాలేదు. ఆరోగ్య బీమా కార్డు రాలేదు, పన్ను సంఖ్య రాలేదు. ఆ రెండూ లేకపోవడంతో బ్యాంకు ఖాతా పని కూడా ఆగిపోయింది.

కారణం కనిపెట్టింది మా భవనంలో రెండో అంతస్తు పెద్దావిడ. ఒక ఉదయం గుమ్మం దగ్గర ఎదురుపడి నా పేరు అడిగారు. చెప్పాను. ఆమె గోడకు ఉన్న ఉత్తరాల పెట్టెలన్నింటినీ పైనుంచి కిందికి వేలితో చూపించుకుంటూ వచ్చి, చివరకు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. అప్పటికి నాకు వచ్చిన జర్మన్ పది మాటలు. ఆ వేలు చెప్పింది మాత్రం పూర్తిగా అర్థమైంది.

అక్కడ వీధికి పేరుంటుంది, భవనానికి నంబరుంటుంది. లోపలి ఇళ్లకు మాత్రం చాలా చోట్ల నంబర్లు ఉండవు. ఉత్తరం మీద ఉన్న పేరు, పెట్టె మీద ఉన్న పేరు ఒకటైతేనే కాగితం లోపల పడుతుంది. లేకపోతే ‘ఈ చిరునామాలో ఇటువంటి వ్యక్తి లేరు’ అని పంపినవారికే తిరిగి వెళ్లిపోతుంది. మావారు నాకంటే అయిదు నెలలు ముందుగా, 2022 అక్టోబరులో వెళ్లారు. ఇల్లు దొరికాక పెట్టె మీద తన ఇంటిపేరు అంటించుకున్నారు. పిల్లలవీ అదే ఇంటిపేరు. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మార్చుకోలేదు, మార్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. అంతే, నెలన్నర పాటు ఆ ఇంట్లో నేను లేనట్టే లెక్క.

ఆ సాయంత్రం చీటీ ముక్క మీద పెద్ద అక్షరాలతో నా పేరు రాసి అంటించాను. పన్ను సంఖ్య ఫోనులో చెప్పమని అడిగితే కుదరదన్నారు, మెయిలులోనూ పంపరు. అది ఉత్తరంగానే రావాలి. మళ్లీ అర్జీ పెట్టుకుని మళ్లీ ఎదురుచూశాను. పేరు అంటించాక నా పేరు మీద వచ్చిన మొట్టమొదటి ఉత్తరం ఏమిటో చెబితే నవ్వుతారు. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు కట్టమని! మా ఇంట్లో టీవీ లేదు. ఉన్నా లేకపోయినా ఇంటికొక రుసుము చట్టప్రకారం కట్టి తీరాలి. మావారు అప్పటికే కడుతున్నారు. అయితే ఒక ఇంటికి ఒక్కటే రుసుమనీ, భర్త కడుతుంటే ఆయన చందా సంఖ్య రాసి జవాబు పంపితే చాలనీ నాకు తెలియదు. ఇద్దరం చెరొకటి కట్టాలేమోనని రెండు రోజులు దిగులు పడ్డాను. పెళ్లికి ముందు అయిదేళ్లు లెక్కల విభాగంలో పనిచేసినదాన్ని. ఏ కాగితం చూసినా ముందు భయం, తరువాత ఫైలు. ఇప్పటికీ ఆ ఫైలు నా దగ్గరే ఉంది, మూడు అంగుళాల మందం.

ఇంటి సంగతి మొదట చెప్పవలసింది. మేము బయలుదేరకముందు మావారు ఫోనులో ఇల్లంతా తిప్పి చూపించారు. ముందుగది, పడకగదులు, స్నానాలగది అయ్యాక ఒక ఖాళీ గది చూపించి ఆగారు. గోడలోంచి రెండు గొట్టాలు, ఒక కరెంటు తీగ బయటికి వచ్చి ఉన్నాయి.

“వంటగది ఏదండీ?” అన్నాను.

“ఇదే,” అన్నారు.

జర్మనీలో అద్దె ఇళ్లు చాలావరకు వంటగది సామగ్రి లేకుండానే ఇస్తారు. పొయ్యి, సింకు, అలమరలు అన్నీ అద్దెకున్నవాళ్లవే. వెళ్లేటప్పుడు ఊడదీసి పట్టుకుపోతారు, లేదా తరువాత వచ్చేవాళ్లకు అమ్ముతారు. మా ముందు ఉన్నవాళ్లు పట్టుకుపోయారు. కొన్ని ఇళ్లలో సీలింగుకు బల్బులు కూడా ఉండవని అప్పుడే తెలిసింది. మాకు స్నానాలగదిలో ఒక్క బల్బు వదిలిపెట్టారు, వాళ్లు చల్లగా ఉండాలి. వాడిన వంటగది సామగ్రి ఒకటి దొరికి, దాన్ని బిగించే మనిషి దొరికేసరికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఒక్క కరెంటు పొయ్యి మీద వంట, స్నానాలగదిలో గిన్నెలు.

ఇక కిటికీలు. వచ్చిన మూడో రోజున గాలి కోసం కిటికీ పిడి పైకి తిప్పాను. కిటికీ పై భాగం మొత్తం నా మీదికి వాలింది. విరిగిపోయిందనుకుని రెండు చేతులతో పట్టుకుని, అబ్బాయిని పంపి మావారిని కేకేయించాను. ఆయన తాపీగా వచ్చి, అది అలాగే వాలుతుందని చెప్పారు. పిడి అడ్డంగా ఉంటే తలుపులా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పైనుంచి కొంచెం వాలి ఆగుతుంది. ఆయన కూడా మొదటిసారి అలాగే పట్టుకుని నిలబడ్డారట. ఆ విషయం అప్పుడు చెప్పలేదు, ఏడాది తరువాత చెప్పారు.

ఇల్లు అప్పగించేటప్పుడు యజమాని రాయించుకున్న కాగితాల్లో గాలి గురించి ఒక పేరా ఉంది. చలికాలంలో రోజుకు రెండుమూడు సార్లు కిటికీలన్నీ బార్లా తెరిచి అయిదు పది నిమిషాలు ఉంచాలి. వాల్చి వదిలేస్తే గోడలు చల్లబడతాయి తప్ప తేమ పోదు. తేమ పోకపోతే గోడకు బూజు పడుతుంది. బూజు మన అలవాట్ల వల్లే పట్టిందని తేలితే బాగుచేయించే ఖర్చు మన మీద పడవచ్చు, దానికోసం ముందే కట్టిన అడ్వాన్సు ఎలాగూ ఉంటుంది. చట్టప్రకారం అది మూడు నెలల అద్దె దాకా అడగవచ్చు, మూడు వాయిదాలలో కట్టవచ్చు. వాయిదాల సంగతి మావారికి తెలియక ఒకేసారి కట్టేశారు. బయట మంచు పడుతుంటే వెచ్చగా ఉన్న ఇంట్లో కిటికీలు బార్లా తెరవడం మొదట్లో పిచ్చితనంలా అనిపించింది. రెండో చలికాలానికి నేనే పక్కవాళ్లకంటే ముందు తెరిచేదాన్ని.

మే నెలలో మా తలుపు పిడికి ఒక చెక్క పలక వేలాడుతూ కనిపించింది. దాని మీద ‘కేర్‌వోఖె’ అని రాసి ఉంది. ఎవరో పొరపాటున తగిలించారనుకుని ఎదురింటి తలుపుకు తగిలించి వచ్చాను. మరునాడు మళ్లీ మా తలుపుకే ఉంది. మళ్లీ ఎదురింటికి తగిలించాను. మూడో రోజున రెండో అంతస్తు పెద్దావిడ ఆ పలకను, ఒక చీపురును కలిపి పట్టుకుని గంట కొట్టారు.

కేర్‌వోఖె అంటే ఊడ్చే వారం. భవనంలో ఉన్నవాళ్లు వంతులవారీగా ఒక్కో వారం మెట్లు తుడవాలి, గుమ్మం ముందు ఊడవాలి. వంతు ఎవరిదైతే వాళ్ల తలుపుకు పలక చేరుతుంది, వారం కాగానే దాన్ని తరువాతి వాళ్లకు తగిలించాలి. స్టుట్‌గార్ట్ ఉన్న ష్వాబియా ప్రాంతానికి ఇది ప్రత్యేకమైన ఆచారం. మూలాలు చాలా పాతవి, 1492 నాటి నగర చట్టంలో ఎవరి చెత్త వాళ్లు వారంవారం ఊరి బయటికి చేరవేయాలని రాశారట. మెట్ల వంతు చిన్నది, వీధి వంతు పెద్దది. చలికాలంలో పెద్ద వంతు వస్తే గుమ్మం ముందరి మంచు కూడా మనమే తోడాలి. శనివారం సాయంత్రంలోగా పని అయిపోవాలని రూలు ఎక్కడా రాసి లేదు గాని, అయిపోవాలి. నేను మొదటి వారం మెట్లు చీపురుతో ఊడ్చి వదిలేస్తే, సాయంత్రం తడిగుడ్డతో తుడుస్తూ పెద్దావిడే కనిపించారు. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ బాధించింది. ఆ తరువాత మా వంతు మెట్ల మీద ఒక్క వేలిముద్ర కూడా మిగలనివ్వలేదు. అది పట్టుదలో పౌరుషమో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం గురించి అందరూ ముందే హెచ్చరించారు. అయినా శనివారం రాత్రి దిగిన మేము ఆదివారం పాలు లేకుండా గడిపాం. దుకాణాలన్నీ మూసేసి ఉంటాయి, ఉదయం పూట కొద్ది గంటలు తెరిచే రొట్టెల దుకాణాలు, పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని అంగళ్లు తప్ప. ఇది వ్యాపారుల బద్ధకం కాదు. ఆదివారం విశ్రాంతి రోజని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం చెబుతుంది, ఇప్పటి రాజ్యాంగం దాన్ని అలాగే నిలుపుకుంది. ఆ రోజు గోడకు మేకు కొట్టకూడదు, గాజు సీసాలు వీధిలోని డబ్బాలో వేయకూడదు. సీసాలు పడే చప్పుడు కూడా చప్పుడే కదా. మొదట చిరాకు పడ్డాను. నాలుగు నెలలయ్యాక గమనించాను, మావారు ఆదివారం ఆఫీసు ఫోను చూడటం మానేశారు. ఎవరూ చేయనప్పుడు ఆయనెందుకు చూస్తారు?

సీసాల మాట వచ్చింది కాబట్టి పిల్లల సంబరం కూడా చెప్పాలి. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు కొన్నప్పుడే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీది తెచ్చి దుకాణంలోని యంత్రం నోట్లో పెడితే అది గిర్రున తిప్పి చూసి, మింగి, చివర్లో చీటీ ఇస్తుంది. ఆ చీటీ బిల్లులో తగ్గిస్తారు. మళ్లీ నింపే సీసాలకు 8 లేదా 15 సెంట్లు. మా అబ్బాయి అంకెలు నేర్చుకున్నది ఆ యంత్రం దగ్గరే.

జూన్‌లో వాడికి జ్వరం వచ్చింది. ఆదివారం రాత్రి, 39.6 డిగ్రీలు. ప్రాణం మీదికి వస్తే 112, అంత కాకపోయినా డాక్టరు కావాలంటే 116117. రెండూ వంటగది గోడ మీద రాసి పెట్టుకున్నాను గాని, ఏది ఎప్పుడో ఆ క్షణంలో తేల్చుకోవడం తేలిక కాదు. రెండోదానికి చేశాం. నీళ్లు తాగుతున్నాడా, మూత్రం పోస్తున్నాడా, మెడ వంచగలుగుతున్నాడా అని అడిగారు. ఉదయం పిల్లల డాక్టరుకు ఫోను చేయమన్నారు. అక్కడ మందులు పక్కవీధి కిరాణా దుకాణంలో దొరకవు, పారాసెటమాల్ కూడా మందుల షాపులోనే అమ్మాలి. రాత్రిపూట ఏ షాపు వంతో చూసుకుని వెళ్లాలి. మావారు రెండు స్టేషన్ల అవతల వంతులో ఉన్న షాపుకు వెళ్లి, తలుపులోని చిన్న కిటికీలోంచి మందు తెచ్చారు.

తెల్లవారి డాక్టరు దగ్గరికి నేను ఫోను చేశాను, జర్మన్‌లో, ఎంతో గర్వంగా. అప్పటికి రెండు నెలలుగా భాష క్లాసుకు వెళ్తున్నాను. అవతల అమ్మాయి ‘హాల్బ్ డ్రై’కి రమ్మంది. హాల్బ్ అంటే సగం, డ్రై అంటే మూడు. మూడున్నర. పది నిమిషాలు ముందే ఉండాలని మూడు ఇరవైకల్లా వాణ్ని చంకనేసుకుని వెళ్లాను. రెండున్నరకు రావలసినవాళ్లు ఇప్పుడా రావడం అన్నట్టు చూశారు. ఖాళీ దొరికేదాకా, అంటే అయిదుంబావు దాకా కూర్చోబెట్టారు. జ్వరంతో ఉన్న పిల్లవాడు ఒళ్లో నిద్రపోయాడు. నేను మాత్రం నా చెవులను తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఈ లెక్క పెద్దావిడే విప్పి చెప్పారు, కాగితం మీద గడియారం గీసి. రెండు దాటిన క్షణం నుంచి నడుస్తున్నది మూడో గంట. అందులో సగం నిండితే ‘సగం మూడు’, అంటే మన రెండున్నర. ఆ ప్రాంతంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. ‘పావు మూడు’ అంటే రెండుంబావు, ‘ముప్పావు మూడు’ అంటే మూడు కావడానికి పావుగంట తక్కువ. ఒకసారి తలకెక్కాక ఇది చాలా సబబుగానే అనిపిస్తుంది. తలకెక్కేదాకానే కష్టం. అంకెలు సరేసరి, ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు. ఫోను నంబరు ఎవరైనా చెబుతుంటే నేను ముందు అంకెల మధ్య ఖాళీ వదిలి రాసుకుంటాను.

డాక్టరు వాణ్ని చూసి టీ తాగించమని, నిద్రపోనివ్వమని చెప్పి పంపేశారు. మందు చీటీలో పేరున్న మందు ఒక్కటే, అదీ జ్వరం ఎక్కువైతేనే. నాకు ఒళ్లు మండింది. మూడో రోజుకు తగ్గింది. ఆ తరువాత పిల్లలకు ఎన్నో జలుబులు వచ్చాయి, పోయాయి. చేతిలో చీటీ లేకుండా బయటికి రావడం నాకు అలవాటు కావడానికే ఎక్కువ కాలం పట్టింది.

వాడికి పిల్లల బడి, అంటే ‘కిటా’ దొరకడం పెద్ద గొడవ. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ అందులో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. హక్కు ఉంది, చోటు లేదు. పదకొండు చోట్ల పేరు రాయించాం. చేర్చుకునే ముందు తట్టు టీకాల రుజువు తప్పనిసరి, 2020 మార్చి నుంచి అక్కడ అదొక చట్టం. అదృష్టం కొద్దీ పాత టీకాల కార్డు తెచ్చుకున్నాం. డాక్టరు దాన్ని భూతద్దం పెట్టినట్టు చదివి, కొత్త పసుపు పుస్తకంలోకి ఎక్కించారు. ప్రయాణానికి సర్దుకునేవాళ్లు చీరలు తగ్గించుకున్నా పరవాలేదు, ఆ కార్డు చేతి సంచిలో పెట్టుకోండి.

అమ్మాయి సెప్టెంబరులో ఒకటో తరగతి. మొదటి రోజున ప్రతి పిల్లా తన ఒంటి సగం పొడవున్న కాగితపు శంకువు మోసుకొస్తుంది, దాని నిండా పెన్సిళ్లు, మిఠాయిలు, చిన్న చిన్న బొమ్మలు. పేరు ‘షూల్‌ట్యూటె’. దుకాణంలో కొనుక్కోవచ్చులే అని నేను ఆఖరి వారం దాకా తాపీగా ఉన్నాను. కొనుక్కోవచ్చు కూడా. కానీ తనతో పార్కులో ఆడుకునే పిల్లల తల్లులందరూ రెండు నెలలుగా సొంతంగా తయారు చేస్తున్నారని తెలిసేసరికి అమ్మాయి ముఖం చిన్నబోయింది. మూడు రాత్రులు కూర్చుని అట్ట చుట్టి, ఊదారంగు కాగితం అంటించి, నెమలి చేశాను. నెమలి కోడిలా వచ్చింది. ‘ఇది ఏ పక్షి?’ అని పక్కపిల్ల అడిగితే మా అమ్మాయి తడుముకోకుండా ‘ఇండియా పక్షి’ అంది.

మావారి డ్రైవింగు కథ ఆయన రాస్తే ఇంకోలా ఉంటుంది, నాకు తెలిసింది నేను రాస్తాను. భారతీయ లైసెన్సు అక్కడ స్థిరపడిన ఆరు నెలల వరకే చెల్లుతుంది. ఆ తరువాత రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ రాయాలి. పన్నెండేళ్ల అనుభవం ఉందంటే ఎవరూ వినరు. కళ్ల పరీక్ష, ఒక రోజంతా ప్రథమ చికిత్స తరగతి ముందు పూర్తి చేయాలి. రాత పరీక్షలో 30 ప్రశ్నలు, తప్పులకు పది పాయింట్లు దాటితే ఫెయిలు. అది తేలిగ్గానే పాసయ్యారు. నడిపే పరీక్ష 55 నిమిషాలు. ఇరవయ్యో నిమిషంలో ఒక చిన్న వీధి కూడలి. గుర్తులేమీ లేవు. ఆయన నేరుగా వెళ్తున్నారు, కుడివైపు సందులోంచి ఒక కారు నెమ్మదిగా వస్తోంది. మనం పెద్ద రోడ్డులాంటి దాని మీద ఉన్నాం, వాడు సందులోంచి వస్తున్నాడు, ఆగాల్సింది వాడే అనుకున్నారు. బోర్డులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు, సందైనా సరే. పరీక్ష అక్కడితో అయిపోయింది. ఇంటికి వచ్చి, ‘కుడివైపు చూడలేదు’ అని ఒక్క మాట అని పడుకున్నారు. రెండోసారి పాసయ్యారు. ఇప్పుడు ఇండియాకు వచ్చినప్పుడు ప్రతి సందు దగ్గరా కారు ఆపుతారు, వెనకవాళ్లు హారన్లు మోగిస్తారు.

కారు వచ్చేదాకా ఊరు తెలిసింది నడక వల్లే. స్టుట్‌గార్ట్ ఒక గిన్నె అడుగున ఉంటుంది, చుట్టూ కొండలు. లోయలోంచి పైకి ఎక్కే రాతిమెట్ల దారులు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. మేము ఉన్న హెస్‌లాఖ్ వైపు అవి మరీ నిటారుగా ఉంటాయి. పిల్లల బండి మోస్తూ ఎక్కితే సాయంత్రానికి మోకాళ్లు మాట్లాడతాయి. అందుకే మాకు పళ్లచక్రాల రైలంటే ప్రాణం. మరియెన్‌ప్లాట్స్ నుంచి పైన డేగర్‌లోఖ్ దాకా వెళ్లే ఆ చిన్న రైలు 1884 నుంచి నడుస్తోంది, ఊళ్లో అందరూ ‘త్సాకె’ అంటారు. దాని ముందు సైకిళ్లు పెట్టుకునే బండి ఒకటి ఉంటుంది. ఏ పనీ లేకపోయినా పైకి వెళ్లి కిందికి వచ్చేవాళ్లం. 2023 మే ఒకటిన 49 యూరోల నెల టికెట్టు మొదలయ్యాక, దాంతో దేశమంతా లోకల్ రైళ్లలో, బస్సుల్లో తిరగవచ్చని తెలిసి, శనివారం శనివారం ఏదో ఒక ఊరు చూసి వచ్చాం. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. స్టేషన్లలో గేట్లు ఉండవు, టికెట్టు లేకుండా దొరికితే 60 యూరోలు.

ఆ ధైర్యంతోనే అక్టోబరు చివర బడి సెలవుల్లో స్విట్జర్లాండ్ వెళ్దామనుకున్నాం. స్టుట్‌గార్ట్ నుంచి జ్యూరిక్ వెళ్లే రైలు దారిలోనే షాఫ్‌హౌజెన్ ఉంది. అక్కడికి దగ్గర్లో రైన్ నది జలపాతం, 150 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు. జర్మనీ నివాస కార్డు ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వీసా లేకుండా తిరగవచ్చు. ఇదంతా నేనే చదివి, నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఫోను కంపెనీల రోమింగు ఐరోపా సమాఖ్యలో ఉచితమే గాని, స్విట్జర్లాండ్ అందులో లేదు కాబట్టి సరిహద్దు దాటే ముందు డేటా ఆపేయాలని కూడా రాసుకున్నాను. నాలుగు కార్డులూ ఒక చిన్న సంచిలో పెట్టి, సంచి మెడలో వేసుకున్నాను.

రోట్‌వైల్ దాటాక మావారు ఎందుకో అడిగారు, “పాస్‌పోర్టులు ఏ బ్యాగులో పెట్టావు?”

నివాస కార్డు ఒక్కటే చాలదు, దానితోపాటు పాస్‌పోర్టు ఉండాలి. నోటు పుస్తకంలో ఆ ముక్క కూడా ఉంది, నా చేతిరాతలోనే, కింద గీత గీసి మరీ. పాస్‌పోర్టులు ఇంట్లో ఆ మూడు అంగుళాల ఫైలులో ఉన్నాయి. మామూలు రోజుల్లో ఎవరూ అడగకపోవచ్చు. కానీ ఆ నెల 16 నుంచే స్విట్జర్లాండ్ సరిహద్దులో జర్మనీ తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు తప్పించుకున్నా వచ్చేటప్పుడు ఇద్దరు పిల్లలతో ప్లాట్‌ఫారం మీద నిలబడి వివరణ ఇచ్చుకోవాలి. మావారు ఏమీ అనలేదు. కుడివైపు చూడని మనిషి ఏమంటారు?

సరిహద్దుకు ముందు ఆగే పెద్ద స్టేషను సింగెన్‌లో దిగిపోయాం. జలపాతం ఎక్కడ అని అబ్బాయి రాగం అందుకున్నాడు. స్టేషను బయట తల ఎత్తితే ఊరి మీద నల్లటి కొండ నిలబడి ఉంది, కొన మీద కూలిన గోడలు. హోహెన్‌ట్వీల్. అదొక పాత అగ్నిపర్వతపు శేషం, సముద్రమట్టానికి 686 మీటర్ల ఎత్తు. దాని మీద ఉన్న కోటను ఫ్రెంచి సైన్యం 1800, 1801లలో పడగొట్టింది. జర్మనీలో ఉన్న అతి పెద్ద శిథిల దుర్గాల్లో అదొకటని పైకి ఎక్కాకే తెలిసింది. వాలులో ద్రాక్ష తోటలు, ఆకులు పసుపు, ఎరుపు. ఆ రోజు పిల్లలు ఎన్ని సొరంగాల్లో దూరారో, ఎన్ని గోడలు ఎక్కారో లెక్క లేదు. పై నుంచి చూస్తే దూరంగా బోడెన్ సరస్సు మెరుస్తోంది, దాని అవతల స్విట్జర్లాండ్. ‘అదిగో, చూసేశాం కదా’ అన్నారు మావారు.

మరుసటి వసంతంలో జలపాతం దగ్గరికి పాస్‌పోర్టులతో వెళ్లాం. ఎవరూ ఏమీ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు సింగెన్ స్టేషనులో రైలు ఆగగానే అబ్బాయి దిగుదామని ఏడ్చాడు. కోట కావాలట.

మొన్న మార్చిలో మా పైన మూడో అంతస్తులోకి బ్రెజిల్ నుంచి ఒక జంట వచ్చింది. చిన్నవాళ్లు. రెండు వారాలయ్యాక మెట్ల మీద ఆ అమ్మాయి ఎదురై, ఇంకా బీమా కార్డు రాలేదని వాపోయింది. నేను ఉత్తరాల పెట్టెల దగ్గరికి తీసుకెళ్లి, పైనుంచి కిందికి వేలితో చూపించాను. ఇంటికి వెళ్లి చీటీలు, పెన్ను తెచ్చాను.

“నాకు ఇంటిపేర్లు మూడున్నాయి,” అంది మొహమాటంగా. “ఏది రాయను?”

“పాస్‌పోర్టులో ఎన్ని ఉంటే అన్నీ,” అన్నాను. “చోటు చాలకపోతే మా పెట్టె అంచు మీద రాద్దాం.”